ఏడాదికొక సీసా

మొన్న రోటోటూనాలో మా అమ్మాయి కొత్తింటి భోజనాలకి ఎవరో తెచ్చిన వైన్ సీసా మీద, పలకరాతి కప్పున్న ఆ పాత ఇంటి బొమ్మ చూసి, చేతిలో గరిటె అక్కడే పెట్టేశాను.

రెండువేల పది తరవాత కొన్నేళ్లు, ఈ దేశంలోనే పాపటోయిటోయి అనే పేటలో మా ఆయనా నేనూ వైన్‌షాపు నడిపాం. తెనాలిలో నాన్న కిరాణాకొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని, చింతపండు నొక్కి పాతదో కొత్తదో చెప్పగలను గానీ వైన్ సంగతేం తెలుసు, అయినా చుక్క ముట్టకుండానే దాని మీద ఉపన్యాసాలు దంచేదాన్ని. ఆ విద్యంతా వెనకవీధి ఫ్రెంచి పెద్దాయన పెట్టిన భిక్ష. సీసా మీది ఇల్లు ఆయన పుట్టిన ఇల్లే.

పురుగు పట్టి ద్రాక్షతీగలన్నీ చచ్చిపోతే వాళ్ల తాత సున్నపురాతి కొండమీద మళ్లీ నాటాడట. తండ్రి పాత పీపాల్లోనే మాగబెట్టేవాడట. అల్లనేరేడులా నాలుక పట్టేసే ఆ వగరు ఏళ్లు గడిస్తే గానీ మెత్తబడదు, ఆగలేనివాళ్లు వేరే తోట చూసుకోండి అనేవాడట. తండ్రి పోయాక ఈయన తమ్ముడు, కొత్త పీపాలు కొందాం, కొత్త చెక్క వల్ల వెనీలా వాసనొస్తే త్వరగా అమ్ముడుపోతుందన్నాడు. మా నాన్నయితే ఆ తమ్ముడి పక్షమే చేరేవాడు. ఈయన మాత్రం అలిగి ఇంత దూరం వచ్చేశాడు. అన్నదమ్ములకి మాటల్లేవు.

దిగుమతి చేసేవాణ్ని బతిమాలి, బెదిరించి నేను ఏటా ఆ తోట సీసా ఒక్కటి తెప్పిస్తే, మా వెనకగదిలో తెరిచి, ఒక గుక్క నోట్లో తిప్పి, వాడేం మార్చలేదని మురిసిపోయేవాడు. అంటే తమ్ముడు అన్నగారి మాట ఎప్పుడో ఒప్పేసుకున్నట్టే. మరి ఫోన్ చెయ్యచ్చుగా అంకుల్ అంటే, ముందు వాడే మాట్లాడాలనేవాడు. బేరంలో ముందుగా నోరు విప్పకూడదని నేర్పిన ఇంటిదాన్ని, ఈయనా మనవాడేనని నవ్వుకున్నాను.

ఒక ఏడు ఆ గుక్క మింగలేదు. గ్లాసు పక్కనపెట్టి లేబుల్ కేసి చూస్తూ కూర్చున్నాడు.

“వగరు లేదు. మా తమ్ముడు లేడు,” అన్నాడు.

వాకబు చేస్తే నిజమే. తోట ఎవరో కంపెనీవాళ్లు కొన్నారట. ఈయన మురిసిపోతూ తాగిన అంతకుముందు సీసా, తమ్ముడు మాగబెట్టిందే అయినా, అతను పోయాక వచ్చిందే. చెప్పేవాళ్లు లేక కబురు రాలేదు. ఆ తరవాత ఆయన సీసా అడగలేదు, అప్పుడప్పుడూ వచ్చి మా ఆయనతో వానల గురించి మాట్లాడి వెళ్లేవాడు.

మొన్న మా అల్లుడు, “చాలా స్మూత్‌గా ఉంది అత్తయ్యా, ఒక్క సిప్ వేయండి,” అన్నాడు. ఇప్పుడు దేనికీ ఆగక్కర్లేదు, తెరవగానే తియ్యగానే ఉంటుంది. ఇన్నేళ్లకి మొదటిసారి గ్లాసు అంచుకి నాలుక ఆనించాను, ఎక్కడైనా కాస్త వగరు మిగిలిందేమోనని.