కుడి పొయ్యి మీది పళ్ళెం

మొన్న మంగళవారం పొద్దున మిల్టన్‌లో రైలెక్కి కూర్చున్నానో లేదో ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "తను చనిపోయింది. నీకు చెప్పాలనిపించింది." అంతే. పంపింది, ఇక్కడే కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో చదువుకునేటప్పుడు నేను అద్దెకున్న ఇంటివాళ్ళమ్మాయి. పోయింది ఆ అమ్మాయి సవతి తల్లి, మా ఓనర్ ఆంటీ. డ్యూటీకి బయల్దేరుతూ, మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయిందట. టొరంటో చేరేదాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. పక్కసీటాయన ఒక టిష్యూ ఇచ్చాడు.

ఆవిడది ఫిలిప్పీన్స్. వాళ్ళ భాషలో ఆంటీని 'తీతా' అంటారు. మేమూ అలాగే పిలిచేవాళ్ళం. మేమంటే, విమానాల నిండా ఇండియా స్టూడెంట్లు దిగుతున్న ఆ రోజుల్లో దొరికిన బేస్‌మెంట్‌లో సర్దుకున్నవాళ్ళం. ఖమ్మం నుంచి నేను, కరీంనగర్ నుంచి నా రూమ్మేట్. కింద స్టవ్ లేదు, వంటకి పైకే వెళ్ళాలి. మొదటి రోజు తీతా నన్ను నిలబెట్టి, "ఏమేం తినవు?" అని అడిగింది. ఏం తింటావని అడిగినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఏం తినవని అడిగినది ఆవిడొక్కతే. గొడ్డుమాంసం, పంది తిననని చెప్తే, "సరే, కోడి పని అయిపోయింది" అని నవ్వింది.

ఆవిడ పని వృద్ధాశ్రమంలో. పొద్దస్తమానం ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, తినిపించి, ఇంటికొచ్చి మళ్ళీ మాకు వండేది. భర్త ట్రక్కు డ్రైవరు, వారాల తరబడి రోడ్డు మీదే. ఆయన మొదటి భార్య పోయేటప్పటికి కూతురికి తొమ్మిదేళ్ళు. తీతా వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకి. నేను చేరేనాటికి ఆ అమ్మాయికి పద్నాలుగు. మనలో 'సవతి తల్లి ప్రేమ' అంటే తిట్టు కదా. సర్కారు నిధులివ్వకపోయినా ఆ మాటే వాడతాం. నేనూ ఆ మాట చెవుల్లో పెట్టుకుని వెళ్ళినదాన్నే. మొదటి నెలంతా ఆవిడ ఎక్కడ దొరుకుతుందా అని చూశాను. దొరకలేదు.

ఆ అమ్మాయి తీతాని ఏమనీ పిలిచేది కాదు. పేరు పెట్టి కూడా కాదు. ఎదురుగా వచ్చి నిలబడి, ఆవిడ తల ఎత్తేదాకా ఆగి, అప్పుడు మాట్లాడేది. తీతా మమ్మల్నందర్నీ 'అనాక్' అనేది. వాళ్ళ భాషలో బిడ్డా అని. ఆ అమ్మాయిని మాత్రం పేరుతోనే పిలిచేది. ఎందుకలా అని ఓసారి అడిగాను.

"ఆ మాట వాళ్ళమ్మది. అడక్కుండా నేనెలా తీసుకుంటాను?" అంది.

ఆదివారం మధ్యాహ్నాలు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని వాళ్ళ దేశపు సినిమా ఒకటి చూసేది. ఎప్పుడూ అదొక్కటే. ఒక సవతి తల్లి కథ. నాకు భాష రాదు కానీ ఏడుపులకి భాషతో పనేముంది, చక్కగా అర్థమయ్యేది. అందులో ఒకచోట ఆ సవతి తల్లి, అన్నానికి రాని పిల్లని రెక్క పట్టుకుని లాక్కొచ్చి టేబుల్ దగ్గర కుదేస్తుంది. తీతా అక్కడ రిమోట్ నొక్కి పాఠం మొదలుపెట్టేది.

"చూశావా అనాక్, ఇక్కడే తప్పు చేసింది. అన్నం పోలీసు కాదు. పిల్ల అన్నం దగ్గరికి రాకపోతే, అన్నమే పిల్ల దగ్గరికి వెళ్ళాలి."

చివరి పది నిమిషాలు మాత్రం ఎన్నడూ చూడనిచ్చేది కాదు. టీవీ కట్టేసేది. "చివర్లో ఆ పిల్ల ఈవిడని అమ్మా అంటుంది, వయొలిన్లు మోగుతాయి. అబద్ధం. ఇళ్ళల్లో ఎవరూ అనరు. పళ్ళెం కడిగి వెనక్కి వస్తే చాలు." నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వు నాకు బాధగా ఉండేది.

పళ్ళెం సంగతి చెప్పాలి. తీతా డ్యూటీకి వెళ్ళేముందు స్టవ్ మీద రెండు పళ్ళేల్లో అన్నం, కూర పెట్టి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి వెళ్ళేది. కుడి పొయ్యి మీదిది ఆ అమ్మాయికి, ఎడమ పొయ్యి మీదిది నాకు. నాకు పెట్టడం, నేను గిన్నెలు మాడ్చడం చూసి జాలిపడి మొదలుపెట్టిన ఆనవాయితీ. ఆ అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, తన పళ్ళెం గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకునేది. తిన్నాక కడిగి తెచ్చి బోర్లించేది. తీతా ఆ పళ్ళేన్ని వెలుతురులో తిప్పి చూసి, "ఈ రోజు చెంచాతో గీకి తిన్నట్టుంది" అని మురిసిపోయేది. మూడేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలు అవే.

మంచు బాగా పడుతున్న రోజులు. ఓ రోజు నేను పార్ట్‌టైమ్ చేసే వేర్‌హౌస్‌లో షిఫ్టు మార్చారు, మధ్యాహ్నానికే ఇల్లు చేరాను. ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి. నేను రాత్రిదాకా పనిలోనే ఉంటానని తీతా ఎడమవైపు ఏమీ పెట్టలేదు. కుడివైపు పళ్ళెం కనపడింది. ఇవాళ పొరపాటున అటు పెట్టిందిలే అనుకుని, కొబ్బరిపాల చికెన్, ఎముక కూడా వదలకుండా లాగించేశాను. చివరి ముద్ద నోట్లో ఉండగా ఆ అమ్మాయి స్కూలు బ్యాగుతో లోపలికొచ్చింది.

"అది నాది!" అని అరిచింది. ఆ పిల్లకి అంత గొంతుందని అప్పటిదాకా నాకు తెలీదు. "తను నాకోసం పెట్టింది. రోజూ నాకే పెడుతుంది. నువ్వెవరు తినడానికి?" కళ్ళలో నీళ్ళు.

సారీ, సారీ అంటూ తలెత్తానా, వెనక తలుపు అద్దంలో తీతా. రెండు చేతుల్లో కూరగాయల సంచులు, టోపీ మీద మంచు. అంతా విన్నది. నా వంక చూసి, సంచీ పట్టుకున్న చేతి వేలే పెదాల మీద పెట్టుకుంది. చప్పుడు కాకుండా తిరిగి వెళ్ళి కార్లో కూర్చుంది. పది నిమిషాల తర్వాత బూట్లు టపటప కొట్టుకుంటూ, ఏమీ ఎరగనట్టు, "అబ్బ, ఏం చలి!" అంటూ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చలి అంది. గబగబా రెండు గుడ్లు వేయించి అన్నం మీద పెట్టింది. ఆ అమ్మాయి గదికి వెళ్ళకుండా, అక్కడే గట్టు దగ్గర నిలబడి తినేసింది.

కిందకి వెళ్ళి రూమ్మేట్‌కి చెప్తే, "ఆ పిల్ల ప్లేట్‌లనే తిన్నవా? అయిపోయినవ్ పో, రేపట్నించి రూమ్ ఎతుక్కోవాలె!" అంది. మేము వెతుక్కోలేదు. ఆ ఆదివారం తీతా సినిమా చివరిదాకా చూసింది. వయొలిన్లు మోగుతుంటే నా మోచేయి గట్టిగా పట్టుకుంది. తర్వాత ఎప్పుడైనా నేను నీరసంగా కనపడితే, "దొంగిలించడానికి ఇంకో పళ్ళెం పెట్టనా?" అని కన్ను గీటేది.

నేను ఆ ఇల్లు వదిలిన రోజున కూడా ఆ అమ్మాయి ఆవిడని ఏమనీ పిలవలేదు. అయినా ఆవిడ కడిగిన పళ్ళేలు చూసుకుని సంతోషంగానే ఉంది. నాకే తొందర. మిల్టన్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, "పిలిచిందా తీతా?" అని అడిగేదాన్ని. "నీకెందుకే, ముందు నువ్వు తిన్నావా?" అనేది. పరాయి దేశంలో నన్ను రోజూ ఆ మాట అడిగినావిడకి నేనెంత రుణపడ్డానో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

మనిషి పోయాక తొమ్మిది రోజులు ఇంట్లో ప్రార్థనలు చేసి, వచ్చినవాళ్ళకి భోజనం పెట్టడం వాళ్ళ ఆచారం. శనివారం వెళ్ళాను. ఇంటినిండా జనం. భర్త సోఫాలో, రిమోట్ చేతిలో పట్టుకుని, ఆపేసి ఉన్న టీవీ వంక చూస్తున్నాడు. వంటింట్లో ఆ అమ్మాయి గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నాకంటే పొడుగైంది. స్టవ్ మీద రెండు పళ్ళేలు, మూతలుగా బోర్లించిన ఇంకో రెండు.

"ఎడమవైపుది నీది. చికెనే. కుడివైపుది ముట్టుకోకు" అంది.

"ఒకసారి తిన్న తిట్లు చాలమ్మా" అన్నాను, నవ్విద్దామని.

నవ్వలేదు. "అది మామ్‌ది" అంది.

ఆ మాట తీతా బతికుండగా విన్నదో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు. గట్టు దగ్గర నిలబడి నా అన్నం తిన్నాను. అంతలో చుట్టాలావిడ ఎవరో పెద్ద గిన్నె తెచ్చి, చోటు కోసం కుడివైపు పళ్ళేన్ని జరపబోయింది. ఆ అమ్మాయి మూత మీద అరచెయ్యి ఆనించి, ఆ గిన్నెకి వేరే చోటు దొరికేదాకా అలాగే నిలబడింది.