చెవి మేస్త్రికి అందని లీకు

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. అసలు పేరు ఆయన లైసెన్సు మీద ఉంది, ఆ లైసెన్సు ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తులేదు. ముప్ఫై ఏళ్ళుగా కార్లు బాగుచేస్తున్నాడు. బానెట్ ఎత్తడం, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకోవడం, కళ్ళు మూసుకోవడం, రెండు నిమిషాలయ్యాక కళ్ళు తెరిచి "బేరింగు పోయింది, ఇంకేం లేదు" అని తీర్పు చెప్పడం. ఆ రెండు నిమిషాలూ కారువాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. నిజానికి అర నిమిషంలోనే తెలిసిపోయేదట. మిగతా నిమిషన్నరా ఉత్త పోజు.

"ఎంత పొగరండీ నాకు! అప్పుడే ఎవరో ఒకరు ఆ స్క్రూడ్రైవరు లాక్కుని నెత్తి మీద ఒకటి మొట్టి ఉంటే బాగుపడేవాణ్ణి" అంటాడిప్పుడు. ఈ కథంతా ఆయన నోటే విన్నాను. చెప్పిన ప్రతిసారీ తనని తాను ఇంకాస్త ఎక్కువ తిట్టుకుంటాడు కాబట్టి, మధ్యలో మనం తిట్టాల్సిన పని ఉండదు.

రెండేళ్ళ కిందట ఆ చెవులు మొరాయించడం మొదలుపెట్టాయి. లారీ వస్తే వినపడుతుంది. సుత్తి దెబ్బ వినపడుతుంది. పక్క షెడ్డు టైర్లాయన తిట్లయితే భేషుగ్గా వినపడతాయి. పోయినవల్లా సన్నటి శబ్దాలు. బెల్టు కీచుమనడం, గాలి సుయ్‌మనడం లాంటివి. ఆయనకి ఇన్నాళ్ళూ అన్నం పెట్టినవి సరిగ్గా అవే. చెవి మేస్త్రికి చెవుడొచ్చిందని నలుగురికీ తెలిస్తే ఇంక ఆ షెడ్డు గడప తొక్కేదెవరు? అందుకని నోరు కుట్టేసుకున్నాడు. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు.

దాచడానికి ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. షెడ్డులో పొద్దస్తమానం రేడియో మోగించడం మొదలుపెట్టాడు. ఎవరైనా ఏదైనా అంటే "ఈ గోలలో ఏం వినపడి చస్తుంది, గట్టిగా చెప్పు" అనొచ్చు కదా! ఎవరైనా ఆపబోతే మండిపడేవాడు. ఇంకొకటి ఇంతకంటే ఘనమైంది. కారు తెచ్చినవాళ్ళని "ఏం శబ్దం వస్తోందో మీరే చేసి చూపించండి" అనేవాడు. వాళ్ళ మూతి చూసి పోల్చుకునేవాడన్నమాట. తెల్లచొక్కా ఇస్త్రీ నలగని హెడ్మాస్టరుగారు షెడ్డు మధ్యలో నిలబడి పెదాలు బిగించి "క్రీ... క్రీ... క్రీక్" అని అరిచారు. బ్యాంకు మేనేజరావిడ బుగ్గలు పూరించి "బుడుబుడుబుడు" అంది. ఈయన గంభీరంగా తలూపుతూ విన్నాడు. అదేదో మేస్త్రిగారి కొత్త పద్ధతని ఊళ్ళో పేరు కూడా వచ్చింది. "మోసం చేసినా గౌరవం పెరిగిందండీ, నా జాతకం అలాంటిది" అంటాడు.

షెడ్డు ముందుగదిలో స్పేర్‌పార్టుల కౌంటరు ఆయన భార్యది. మనిషి నెమ్మది, పని చురుకు. పోయినేడు ఆవిడ ఎవర్నీ అడక్కుండా ఒక స్కానర్ తెప్పించింది. పుస్తకమంత ఉంటుంది, తీగ కారుకి గుచ్చితే ఇంజనులోని కంప్యూటరు అనుకుంటున్న లెక్కలన్నీ తెర మీద చూపిస్తుంది. దాంతోపాటు వచ్చిన పుస్తకాన్ని కౌంటరు దగ్గర కూర్చుని అట్ట నుంచి అట్ట దాకా చదివింది. ఈయన మాత్రం దాన్ని ముట్టుకోలేదు. "నాకు పుట్టుకతో రెండు స్కానర్లు ఇచ్చాడు దేవుడు" అని చెవులు రెండూ పట్టుకుని చూపించాడు. "అప్పుడు పట్టుకున్నవి గుంజీలు తియ్యడానికి పట్టుకుని ఉంటే సరిపోయేది" అని ఇప్పుడంటాడు.

ఇలా ఉండగా అక్క కారు వచ్చింది. అక్క ఆయనకంటే నాలుగేళ్ళు పెద్ద. ఒక్క కారుతో డ్రైవింగు స్కూలు నడుపుతుంది. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద మూడు పెడళ్ళుంటాయి, పక్కసీటులో అక్క కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకు మీదే ఇరవై ఏళ్ళుగా ఆవిడ సంసారం నడుస్తోంది.

"ఒరేయ్, ఇంజను ఊరికే ఉన్నప్పుడు కూడా రయ్యిమంటోందిరా. పిల్లలు క్లచ్చి వదలగానే ఏక్సిలరేటరు తొక్కకుండానే ముందుకి ఉరుకుతోంది. నిన్న ఒకమ్మాయి ఎదురింటివాళ్ళ పూలకుండీలు రెండు బద్దలుకొట్టింది."

మేస్త్రి బానెట్ ఎత్తాడు. ఇంజను మీదకి వంగాడు, కళ్ళు మూసుకున్నాడు, పోజు పెట్టాడు. "గాలి లీకేం లేదక్కా. థ్రాటిల్ మసిపట్టింది" అన్నాడు. ఇంజనులోకి గాలి వదిలే ఆ మూతని ఊడదీసి తోమి బిగించాడు. మూడ్రోజులకి కారు మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంజను ఊరికే ఉన్నప్పుడు గాలి అందించే ఐడిల్ వాల్వు మార్చాడు. రెండ్రోజులకి మళ్ళీ వచ్చింది. ఆ రోజు ఉదయం సైకిలు మీద వెళ్తున్న ఒక పెద్దాయన మీదకి ఉరకబోతే అక్క తన బ్రేకు తొక్కి ఆపిందట.

"రేపు పొద్దున్న ఆరుగురికి లైసెన్సు పరీక్ష ఉందిరా. పరీక్షలో పక్కసీటులో నేను ఉండను, ఆఫీసరు ఉంటాడు. ఆయన నా బ్రేకు తొక్కడు. ఇవాళ తేలకపోతే చెప్పు, కారు అద్దెకి తెచ్చుకుంటాను."

తమ్ముడి షెడ్డులో తేలలేదని అక్క అద్దెకారు తెచ్చుకోవడమా! మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "ఇవాళ తేల్చకపోతే నా పేరు మార్చుకుంటాను" అన్నాడు. ఉన్న పేరు చెవి మేస్త్రి అని ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టాడు. తీసిందే తీశాడు, బిగించిందే బిగించాడు. ఇంజను మాత్రం రయ్యిమంటూనే ఉంది. రేడియో గోలలో ఆ సంగతి చెవితో కాదు, కాళ్ళ కింద నేల అదిరితే తెలుస్తోంది. మోచేతుల దాకా గ్రీజు, వీపంతా చెమట. చివరికి భార్య కౌంటరు వదిలి స్కానర్ పట్టుకుని వచ్చింది. ఈయన అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పే మొహం కూడా లేదు.

ఆవిడ స్టీరింగు కింద తీగ గుచ్చి, అక్కని డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, తెర చదవడం మొదలుపెట్టింది. ఆయనకి వినపడాలని గట్టిగానే చదివింది, అది మాత్రం ఆయన అప్పుడు గమనించలేదు.

"ఇంజను వేడి తొంభై డిగ్రీలు. చల్లటి ఇంజనైతే కాసేపు జోరుగా తిరుగుతుంది, ఇది చల్లగా లేదు. ఏక్సిలరేటరు మీద కాలు కూడా లేదు. అయినా నిమిషానికి పదిహేను వందల చుట్లు తిరుగుతోందండీ. ఉండాల్సింది ఎనిమిది వందలు."

"అది నాకు తెలీదా? ఎందుకని అడుగు నీ డబ్బాని."

"అదే చెప్తోంది. పెట్రోలు మామూలుకంటే ఇరవై మూడు శాతం ఎక్కువ పోస్తోందట. వదినా, కాస్త రేసివ్వండి." అక్క ఏక్సిలరేటరు తొక్కింది. "చూశారా, రేసిస్తే ఆ ఇరవై మూడు కాస్తా ఆరుకి దిగింది. ఎక్కడో చిన్న కంత ఉంది. లెక్కలో లేని గాలి దాంట్లోంచి దూరుతోంది, దానికి సరిపడా కంప్యూటరు పెట్రోలు పోస్తోంది. రేసిచ్చినప్పుడు ఇంజను బోలెడు గాలి పీలుస్తుంది, ఆ కాస్త గాలి లెక్కకి రాదు. ఊరికే ఉన్నప్పుడే తేడా చేస్తుంది. ఇది గాలి లీకేనండీ."

"గాలి లీకు లేదని మొదటిరోజే చెప్పాను. ఉంటే నాకు వినపడదా?"

భార్య అక్క వైపు చూసింది. అక్క స్టీరింగు వైపు చూసింది. భార్య వెళ్ళి రేడియో కట్టేసి, అక్కడే, కారుకి నాలుగడుగుల దూరంలో నిలబడి వేలు చూపించింది.

"అదిగో. ఇంజను వెనక, ఆ నల్ల రబ్బరు పైపు వంపులో. ఇక్కడికి వినపడుతోంది."

ఆయన వంగాడు. చెవి పైపుకి ఆనేదాకా వంగాడు. కుడిచెవి పెట్టాడు, ఎడమచెవి పెట్టాడు. ఏమీ లేదు. ఆవిడ దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఆ పైపు అడుగున పెట్టింది. అక్కడ రబ్బరు పగిలి ఉంది. పగులు ఆయన వేలికొసని లోపలికి లాగింది. వేలు అలాగే నొక్కిపెట్టాడు. ఇంజను ఒక్కసారిగా నెమ్మదించింది. తెర మీద ఎనిమిది వందల పది. వేలు తీశాడు, పదిహేను వందలు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ తీశాడు. ఎన్నిసార్లు చూసినా జవాబు మారలేదు.

"మూరెడు రబ్బరు ముక్కండీ! దానికోసం థ్రాటిల్ తోమాను, వాల్వు మార్చాను. పూలకుండీలు పగిలాయి. ఒక పెద్దాయన ప్రాణం మీదకి వచ్చింది. నా మొహం మీదే బుసకొడుతుంటే కళ్ళు మూసుకుని లేదన్నాను. ఇంకెవరైనా అయితే గాడిద అనేవాళ్ళు. గాడిదకి చెవులు బాగా వినపడతాయి" అంటాడు ఈ చోటుకి వచ్చేసరికి.

కౌంటరులోంచి కొత్త పైపు తెచ్చి బిగించాడు. చేతులు పని చేస్తున్నాయి గానీ తల ఎత్తట్లేదు. ఇంజను కుదురుగా తిరుగుతోందని భార్య తెర చూసి చెప్పింది. అప్పుడు అక్క సీటులోంచే నెమ్మదిగా అంది. ఆయనకి వినపడలేదని మళ్ళీ గట్టిగా అంది.

"మొదటిరోజే విన్నాన్రా నేను."

"మరి చెప్పి చావొచ్చుగా!"

"ఎలా చెప్పమంటావు? కళ్ళు మూసుకుని దాని మీదే చెవి పెట్టి నిలబడ్డావు. అది సుయ్‌మంటూనే ఉంది. నువ్వేమో లేదని తలూపావు. నీకు వినపడట్లేదని నా నోటితో నేను చెప్పనా? నువ్వే కనిపెడతావులే, ఇంకోసారి చూస్తావులే అనుకున్నాను."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకు బుద్ధుందా అక్కా? ఎవరినైనా గుద్దితే? పరువు నాదీ, ప్రాణం వాళ్ళదీనా?"

"అందుకే వారం నుంచీ ఆ బ్రేకు మీంచి కాలు తియ్యలేదు" అంటూ అక్క దిగి, కాలు ముందుకి చాపింది. మోకాలు కొబ్బరికాయంత వాచి ఉంది.

కోపం ఎలా వచ్చిందో అలాగే దిగిపోయింది. బోర్లించిన డ్రమ్ము మీద కూలబడి ఇద్దరివైపూ చూశాడు.

"నాకు వినపడదు. రెండేళ్ళయింది" అన్నాడు.

"తెలుసండీ" అంది భార్య.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళ నుంచి."

అంటే రెండేళ్ళుగా ఈయన ఆవిడ దగ్గర దాచాడు, ఆవిడ తెలిసిన సంగతి ఈయన దగ్గర దాచింది. ఒకే ఇంట్లో, ఒకే కంచాల దగ్గర. నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది. "ఇంకా ఏమేం వినపడట్లేదు నాకు? చెప్పు, ఒక్కటీ వదలకుండా చెప్పు" అన్నాడు.

"గేటు గంట. వాన మొదలవడం. వెనకనుంచి నేను పిలవడం. తలుపు వేసుకుంటున్నప్పుడు తాళం పడిందో లేదో" అని చెప్పుకుపోతూ ఆవిడ ఆగింది. "ఇంకొకటుంది. అది చెప్పాలో వద్దో నాకు తెలియట్లేదు."

"చెప్పమన్నానుగా."

వేరే ఊళ్ళో ఉంటున్న వాళ్ళ ఒక్కగానొక్క కూతురి సంగతి అది. మూడు నెలల కిందట ఒక సాయంత్రం అమ్మాయి తండ్రికి ఫోన్ చేసింది. ఉద్యోగం తీసేశారు నాన్నా, నాకేం చెయ్యాలో తెలియట్లేదు అంది. ఆ మాటకి ఈయన నవ్వాడు. "మంచిదమ్మా, చాలా మంచిది, తిన్నావా?" అని ఫోన్ పెట్టేశాడు.

"తర్వాత నాకు చేసింది. నాన్నకి నా మీద కోపమా అమ్మా, ఎందుకలా నవ్వారు అని అడిగింది. మీ సంగతి చెప్పలేక, పనిలో ఉన్నారు, ధ్యాస ఎక్కడో ఉందిలే అన్నాను. అప్పట్నుంచీ అది మీకు ఫోన్ చెయ్యట్లేదు. గమనించారా?"

గమనించాడు. గమనించి లోలోపల సంతోషించాడు కూడా, ఫోన్లో దొరికిపోయే బాధ తప్పిందని. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం ఆయన తనని తిట్టుకోడు. దానికి సరిపోయే తిట్టు తెలియదంటాడు.

చేతులు తుడుచుకోకుండానే ఫోన్ తీశాడు. తెరంతా గ్రీజు అంటుకుంది. స్పీకరు పెట్టి, అటు ఎత్తారని భార్య సైగ చెయ్యగానే గబగబా మొదలుపెట్టాడు.

"అమ్మా, నేను. ఆ రోజు నువ్వు చెప్పింది నాకు వినపడలేదు. నాకు చెవుడు తల్లీ. రెండేళ్ళయింది, అందరి దగ్గరా దాచాను. నాకు నీ మీద కోపమేంటమ్మా? నాకు అసలు తెలియదు. మళ్ళీ చెప్పు. గట్టిగా అరిచి చెప్పు."

ఆగాడు. ఏమీ వినపడలేదు. అమ్మాయి మాట్లాడట్లేదో, మాట్లాడుతున్నా తనకి అందట్లేదో తెలియలేదు. భార్య మొహంలోకి చూశాడు.

"ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదండీ. ఏడుస్తోంది."

ఆయన ఫోన్‌ని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఏడు తల్లీ, ఎంతసేపైనా ఏడు" అన్నాడు. "అయిపోయాక మీ అమ్మ చెప్తుంది నాకు. అప్పటిదాకా నేనిక్కడే ఉంటాను."