బావి నీళ్లల్లో ఇనుము, మా సరోజక్క

"చిన్నమ్మా, అమ్మ పోయింది."

నిన్న పొద్దున ఫోన్‌లో మా అక్క కొడుకు.

మొన్ననే కదప్పా వీడియో కాల్‌లో నవ్వింది!
ఉన్నపళంగా నంద్యాలకి బయల్దేరినా.

నంద్యాలలో ఎంతమంది ఆడపిల్లలకి కెమిస్ట్రీ చెప్పిందో మా సరోజక్క. ఆ చదువు ఎట్ల నిలబడిందో మీకు చెప్పాల.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో మాట. అక్క నంద్యాల హాస్టల్లో ఉండి చదువుతాండె. మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. నాయన ఇంటికాడ కొత్త బావి తవ్వించినాడు.

తోడినప్పుడు నీళ్లు తేట. కాసేపుంటే ఎర్రగా అయితాయి. బట్టలనిండా మరకలు.

"అచ్చిరాని బావి, పూడ్చేయ్" అన్నారు ఊర్లో. నాయన సరేనన్నాడు.

సెలవలకొచ్చిన అక్కతో, "నీకు ఇంక చదువు చాలు, దాంతో ఏం పని? ఇంటికాడుండు" అన్నాడు.

అక్క ఏడ్వలా. చెంబుతో నీళ్లు తెచ్చి ముందర పెట్టింది.

"నాయనా, దీంట్లో ఇనుముంది. భూమిలో అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకోని ఉంటాది. కరిగుంటాది, కనపడదు. గాలి తగిల్తే ఇంకోటి పోతాది. అప్పుడు తుప్పై అడుక్కి దిగుతాది. అంతే."

"ఎలక్ట్రాన్ అంటే ఏందీ?"

"కంటికి కనపడనంత చిన్నది."

"కనపడనిదాన్ని నమ్మమంటావా?"

"నమ్మొద్దు. రేపటిదాకా ఆగి చూడు."

ఆ పొద్దంతా అక్కా నేనూ కడవలోనించి కడవలోకి ఎత్తుగా పోసినాం, గాలి బాగా తగలాలని. నా చేతులు పడిపోయినాయి. నిలవబెట్టి, ఇసుక పోసిన కుండలో వడగట్టినాం.

తెల్లారి చూస్తే ఇసుక మీద ఎర్రటి తుప్పు. కింద నీళ్లు తేట. సాయంత్రమైనా రంగు మారలా.

నాయన ఒక గ్లాసు తాగినాడు. ఇంకో గ్లాసు ముంచుకున్నాడు.

"సెలవలు ఎప్పుడైపోతాయి పాపా నీకు?" అన్నాడు.

అంతే. బావి పూడ్చలా. అక్కని ఆయనే నంద్యాల బస్సెక్కించి వచ్చినాడు.

తర్వాత టీచరయినాక క్లాసులో అక్క అంటాండె: "ఆక్సిడేషన్ స్టేట్స్, అంటే ఏది ఎన్ని ఎలక్ట్రాన్లు ఇచ్చిందో తీసుకుందో, బట్టీ పట్టొద్దే. సోడియం ఒకటి ఇచ్చేస్తాది. ఆక్సిజన్ చానావరకు రెండు తీసుకుంటాది. ఇనుము రెండా మూడా అనేది, ఎవరితో కలిసుందో చూసి చెప్పాల."

నిన్న అక్క ఇంటి ముందర ఆమె స్టూడెంట్స్. జుట్టు నెరిసినోళ్లు, మనవరాళ్ల చేతులు పట్టుకోని వచ్చినోళ్లు. అందరూ "మా టీచర్, మా టీచర్" అని ఏడుస్తాండారు.

ఎవరో నన్ను అడిగినారు, మీరేమైతారని.

"చెల్లెల్ని" అన్యా. ఏడుపులో కూడా ఎంత ప్రౌడ్‌గా అనిపించిందో.

పోయిరా సరోజక్కా.
ఏ నొప్పీ లేకుండా, చల్లగా పండుకో.