తిరిగి రాని చక్రి

మొన్న నిర్మల్ నుంచి వచ్చిన మనిషి బస్సు దిగుతూనే చెప్పాడు, మా మామ పోయాడని. అమ్మకు తమ్ముడు. కొయ్యబొమ్మలు చేసేవాడు. నేను చేరేసరికే పాడె లేచిపోయింది.

మామకు ప్రాణం చక్రి మీదే. దారం మీద కిందికి దిగి మళ్లీ చేతికెక్కే ఆ ఆటవస్తువును బొంబాయి పోయొచ్చినవాళ్లు యోయో అంటారు. నిజాం పాలన పోయిన కొత్తలో ఎవరి చేతిలోనో చూసి, తానూ చేస్తానని పట్టుబట్టాడు. బొమ్మలకు వాడే పొనికి కర్రతో చేస్తే మరీ తేలికై సగంలోనే ఆగిపోయింది. టేకుకు మారాడు. రెండు బిళ్లల నడుమ దారం పట్టే సందు తీయడానికే పూటంతా కూర్చునేవాడు. అన్నం చల్లారుతోందని అత్త గొణిగేది.

కొనడానికి ఎవరొచ్చినా ముందు వాళ్ల చేతనే ఆడించేవాడు. "తిరిగొస్తెనే తీస్కపో. రాకుంటె గాడ వెట్టిపో" అనేవాడు. ఆ గర్వానికి అప్పట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఏడుపొస్తోంది.

తర్వాత పట్నం దుకాణాలవాళ్లు వచ్చారు. అద్దాల అల్మారాల్లో దాచుకునే షోకు మొదలైంది, జతలు కావాలన్నారు. దారం వద్దు, రంగు మెరవాలి అన్నారు. మామ చాలా రోజులు ఒప్పుకోలేదు. ఆడేవాళ్లు కొనడం మానేశాక ఒప్పుకున్నాడు. సందు పైపైనే కోసి, పూత మీద పూత వేసేవాడు. ఇక ఎవరినీ ఆడించి చూడమనలేదు. మనిషి అప్పుడే సగం పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా చూడాలి. మాంసం, కల్లు పెట్టాక అత్త నన్ను పిలిచింది.

"ఒక చక్రి గూడ వెట్టు అల్లుడా. తిరిగేదే సూడు. తిరగనిది వెడితె మీ మామ ముట్టడు."

ఇల్లంతా వెతికాను. ఉన్నవన్నీ అల్మారా చక్రిలే. కత్తి మొనతో రంగు గీకినా సందు తేలలేదు. ఒకదానికి ఎలాగో దారం కట్టి, చుట్టి, విస్తరి పక్కన పెట్టాను. అది తిరగదని అత్తకు చెప్పలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చినా కాకి రాలేదు. అందరం దూరం జరిగాం. అయినా రాలేదు. చివరికి అత్తే లేచింది. చక్రి తీసుకుని, దారం వేలికి తగిలించుకుని, మామ వదిలినట్టే కిందికి వదిలింది.

అది దిగి, దారం చివర వేలాడింది. అత్త వేలు అలాగే చాచి నిలబడింది.