వెనక్కి జరగని సీటు

మా ఆయన ఆరడుగుల మనిషి. నేను ఆయన భుజం దాకా కూడా రాను. సెకండ్‌హ్యాండ్‌లో కారు కొన్నప్పుడు, బటన్ నొక్కితే డ్రైవరు సీటు దానంతటదే ముందుకీ వెనక్కీ జరగడం చూసి ఇద్దరం తెగ సంబరపడ్డాం. బడికి నేను, పొలానికి ఆయన ఒకే బండి వాడుకోవాలి మరి. హైవే ఎక్కాల్సి వస్తే మాత్రం ఆయనే నడిపేవారు. నాది మనుబోలు చుట్టుపక్కల ఊళ్ల మధ్య తిరిగే డ్రైవింగు.

అత్తగారికి నెల్లూరులో కంటి ఆపరేషన్ అయింది. ముందురోజు ఆయనే తీసుకెళ్లి చేర్పించి వచ్చారు. అక్కడే ఉండే మా ఆడబిడ్డ రాత్రి తోడుగా పడుకుంది. పొద్దున పదకొండుకల్లా వచ్చి తీసుకుపొమ్మన్నారు ఆసుపత్రివాళ్లు.

ఆ ఉదయం వాకిలికి అడ్డంగా ఉన్న కారును పక్కకు తీద్దామని ఎక్కి, సీటు ముందుకు జరుపుకున్నాను. కింద ఏదో టక్కుమంది. పట్టించుకోలేదు. తర్వాత ఆయన ఎక్కబోతే మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. బటన్ నొక్కారు. సీటు కదల్లేదు.

బోరు మోటార్లు విప్పి బాగుచేసుకునే మనిషి కదా, చెవి సీటుకు ఆనించి మళ్లీ నొక్కారు.

"మూలగను కూడా మూలగడంలేదు. అంటే మోటారు పోలేదు, కరెంటే రావడంలేదు," అన్నారు.

హారన్ మోగింది, కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది. ఫ్యూజు తీసి వెలుగుకు పెట్టి చూశారు. అందులోని తీగ తెగలేదు. అయినా నమ్మకం కుదరక అలాంటిదే ఇంకోటి పెట్టి చూశారు. ఊహూఁ. సీటు వీపును వాల్చే బటన్ కూడా పనిచేయలేదు. పది కావస్తోంది. కాళ్లు ముడుచుకుని కూర్చుని చూశారు గానీ, బ్రేకు మీదికి పాదమే రాలేదు.

చివరికి తాళాలు నా చేతిలో పెట్టి, "నువ్వే తోలు," అన్నారు.

గుండె దడదడలాడుతుండగా హైవే ఎక్కాను. లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా ఆయన కుడికాలు నేలను నొక్కేది.

"అక్కడ బ్రేకు లేదండీ," అన్నాను.

నవ్వి కాలు తీసేశారు. కాసేపటికి కిటికీ అద్దం దించి, "ఈ రొయ్యల గుంటలు ఎప్పుడు తవ్వినారో! ఎన్నిసార్లు పోయుంటా ఈ దారిన, ఒక్కనాడూ చూసింది లేదు," అన్నారు. ఆ మాటతో నా భుజాలు కాస్త సడలాయి.

ఆసుపత్రి ముందు నల్లకళ్లజోడుతో నిలబడి ఉన్న అత్తగారు కొడుకును ఎడమవైపు చూసి, "ఏందిరా, నువ్వు ఈడ కూర్చోనుండావు?" అని అడిగారు. సంగతి చెప్పాం. ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని, ఆడబిడ్డ చెప్పిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాం.

అతను టార్చి వేసి సీటు కిందికి వంగుతూ అడిగాడు. "అక్కా, దీనికింద ఏమన్నా దూర్చినారా?"

"లేదే."

చెయ్యి లోపలికి పెట్టి మెల్లగా ఒక గొడుగు బయటికి తీశాడు. దాని వంపు పిడి సీటు వైర్లకు కొక్కెంలా తగులుకుని ఉంది. సీటు ముందుకు జరిగినప్పుడు అది లాగడంతో ప్లగ్గు ఊడిపోయిందట.

"అది నాదేరా," అన్నారు అత్తగారు చిన్నగా. "నిన్న వచ్చేటప్పుడు కాళ్లకు అడ్డం వస్తాండాదని ముందు సీటు కిందికి నెట్టినా."

ముగ్గురం ఒక్కసారే నవ్వేశాం. ఎలక్ట్రీషియన్ ప్లగ్గు బిగించి బటన్ నొక్కితే సీటు సన్నగా రొదచేస్తూ వెనక్కి పోయింది. ఆయన ఎక్కి, ముందుకోసారి వెనక్కోసారి జరిపి చూసుకుని, బెల్టు పెట్టుకోబోయారు.

"అమ్మాయినే తోలనీరా," అన్నారు వెనకనుంచి అత్తగారు. "నువ్వు గుంత కనపడినా ఆపవు. కంటికి కుదుపు తగలకూడదని డాక్టరు చెప్పినాడు."

ఆయన సీటును నాకు సరిపోయేంత ముందుకు జరిపి దిగారు. ఈసారి నాకు గుండె దడ లేదు. ఊరు దాటగానే అత్తగారు నిద్రపోయారు. మనుబోలు వచ్చేసరికి పక్కన ఆయన కూడా గురకపెడుతున్నారు.