చెంబు మీద పేరు

మొన్న బొమ్మనహళ్ళిలో మా ఇంట్లో పూజగంట తోముతుంటే, చింతపండు పులుపూ కంచూ కలిసిన వాసనకు కాటన్‌పేటలోని మా అవ్వ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఆ పేటలో ఒక తెలుగు కవిగారి విగ్రహం పెట్టాలనుకున్నారు. చందాలు చాలక, కరిగించి పోతపోయడానికి ఇంటికో కంచు సామాను అడిగారు. అవ్వకు చదువు రాదు. ఆ కవి పద్యాలు మాత్రం విని విని నోటికి వచ్చేశాయి. తన పెళ్ళినాటి చెంబును తళతళలాడేలా తోమి ఇచ్చేసింది. దాని అంచున ఆమె పేరు చెక్కి ఉండేది. ఆ పేరుంటే చాలు, ఎవరింటి పెళ్ళికి ఇచ్చినా చెంబు తిరిగి మా ఇంటికే వచ్చేది. విగ్రహం మీదా ఆ పేరు కనబడుతుందన్న ధీమాతోనే ఉన్నాను నేను.

విగ్రహానికి తెర తీసిన రోజు, పీఠమెక్కి కవిగారి పాదాలూ పంచె కుచ్చిళ్ళూ వెతికాను. పేరు కనబడలేదు. చందాదారుల రాతిపలక మీదా లేదు.

“నీ పేరు యాడా లేదవ్వా. మన చెంబు వేయలేదు వీళ్ళు,” అని ఏడ్చాను.

అవ్వ కొంగుతో నా ముక్కు తుడిచింది. “లోపల ఉండాది లే పాపా. ఆయప్ప పద్యాలు ఇన్నాళ్ళూ నా నోట్లో ఉండ్లేదా? నా పేరు ఆయప్ప కడుపులో ఉండనీ.”

అవ్వ పేరు రాసి ఉన్న వస్తువు ఆ చెంబొక్కటేననీ, మిగతా అన్నిచోట్లా ఆమె వేలిముద్రేననీ పెద్దయ్యాక తెలిసింది.

మొన్న గంట తోమిన సాయంత్రమే మా అమ్మాయిని ఆ విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళాను. పలక మీది పేర్లన్నీ చదివి, “మీ అవ్వ నేమ్ ఎక్కడమ్మా?” అంది.

దాని చెయ్యి పట్టుకుని కవిగారి పాదం మీద పెట్టాను.