నేనూ, నా ఎనభై వాట్ల వేప్ మోడూ

ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ మొత్తం మీద, అరవై ఎనిమిదేళ్ళ వయసులో వేప్ మోడ్‌ని విప్పి, కడిగి, మళ్ళీ బిగించి, దాని చేత పొగ కక్కించిన ఏకైక తెలుగువాణ్ణి నేనే. విప్పడం పచ్చి నిజం. కడగడం కూడా నిజమే, కాకపోతే కడగకూడని భాగాన్ని కడిగాను. మిగతాది మెల్లగా చెబుతాను.

మా ఆవిడ ఇల్లు విడిచి వెళ్ళిపోవడంతో ఇదంతా మొదలయింది. విడిచి వెళ్ళడమంటే పెద్దగా ఊహించుకోకండి. పావుగంట డ్రైవ్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళింది. ఆవిడకి ఉబ్బసం. ఆ చలికాలంలో ఒకరోజు ఊపిరందక ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అక్కడి డాక్టరమ్మ ఆవిడ ఛాతీ విని, నా వైపు తిరిగి ముక్కు ఎగబీల్చి, "ఇంట్లో స్మోక్ చేసేది ఎవరు?" అని అడిగింది. ఇంట్లో ఉండేదే ఇద్దరం. అయినా నేను గుర్తు తెచ్చుకుంటున్నట్టు మొహం పెట్టాను.

ఇంటికి రాగానే మా ఆవిడ సూట్‌కేస్ సర్దుకుంది.

"ఏమండీ, నెల రోజులు సిగరెట్ ముట్టకుండా ఉండండి. ఈ ఇంట్లో వాసన పోతే వస్తాను. పోకపోతే అమ్మాయి ఇంట్లోనే నా గది, నా మంచం. మీరు పండగలకి గెస్ట్‌లాగా వచ్చి పోదురుగాని."

"నలభై ఏళ్ళ అలవాటే, నెలలో ఎలా పోతుంది?"

"నలభై ఏళ్ళ కాపురం సూట్‌కేస్‌లో పట్టింది కదా. అదీ పోతుంది లెండి."

మొదటి వారం ఒక్కటి కూడా కాల్చలేదని అమ్మాయికి ఫోన్‌లో గర్వంగా చెప్పాను. తొమ్మిది కాల్చాను. పార్కింగ్ లాట్‌లో చెత్త డంప్‌స్టర్ వెనక నిలబడి, కారు వచ్చినప్పుడల్లా చెయ్యి వీపు వెనక దాచుకుంటూ. అలా దాచిన ఒకటి స్వెటర్‌కి చిల్లు పెట్టాక, ఇక ఇది నా వల్ల కాదని అర్థమై, హైవే పక్కన వేప్‌లు, అంటే సిగరెట్‌కి బదులు ఆవిరి పీల్చే బ్యాటరీ గొట్టాలు, అమ్మే షాపుకి వెళ్ళాను.

షాపు ఓనర్ కరీంనగర్ వైపు మనిషి. నాకంటే పదిహేనేళ్ళు చిన్న, జుట్టు మాత్రం నాకంటే ముందే సెలవు తీసుకుంది.

"మొదటిసారా సార్?"

"మొదటిసారి ఏమిటయ్యా? ముప్పై ఏళ్ళు ఈ దేశంలో పెద్ద పెద్ద బ్యాంకుల సిస్టమ్‌లు నడిపినవాణ్ణి."

"అట్ల కాదు సార్. వేప్ తాగుడు మొదటిసారా అని."

"ఆ... అదా. మొదటిసారే."

"అయితే చిన్నది ఇస్త. పెన్ను లెక్కుంటది. బటన్ గూడ ఉండది, పీల్చుడే."

నాకు పెన్నా! అద్దాల బీరువాలో స్క్రీనూ, మూడు బటన్లూ ఉన్న దిట్టమైన డబ్బా ఒకటి కనిపించింది. దాన్ని మోడ్ అంటారట. కింద బ్యాటరీ, పైన ద్రవం పోసే గాజు ట్యాంకు, ట్యాంకు మధ్యలో దూది చుట్టిన సన్నటి తీగ. ఆ తీగే కాయిల్. బటన్ నొక్కితే కాయిల్ వేడెక్కి, దూది పీల్చుకున్న ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. వేలు పెట్టి అదే కావాలన్నాను.

"అది బిగినర్స్‌కి కష్టం సార్. కాయిల్ కొత్తది వేసినంక జర..."

"తెలుసు, తెలుసు," అన్నాను. ఆయన ఆ వాక్యం పూర్తి చేసి ఉంటే నేనిది రాసే పని ఉండేది కాదు.

ఇంటికొచ్చి బటన్ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. లిఫ్ట్ రానప్పుడు కోపంగా నొక్కినట్టు టకటకా నొక్కితే స్క్రీన్ వెలిగింది. అయిదుసార్లు నొక్కితేనే ఆన్ అవుతుందని తరవాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం యంత్రం నాకు భయపడిందనుకున్నాను. ట్యాంకు నింపి, వాట్లు ఎంత పెట్టాలో తెలియక, ఎక్కువైతే మంచిదేగా అని ఎనభైకి పెంచి, గట్టిగా పీల్చాను.

కుక్కర్‌లో అడుగంటిన పప్పుని ముక్కులో కూరినట్టయింది. కళ్ళల్లో నీళ్ళు, గొంతులో మంట. సింక్ దాకా పరిగెత్తాను. పరిగెత్తాననడం కొంచెం ఎక్కువే, నా మోకాళ్ళకి ఆ శక్తి లేదు. గోడ పట్టుకుని వెళ్ళాను.

అప్పుడు నాలోని ఐటీ వాడు నిద్ర లేచాడు. ల్యాప్‌టాప్ తెరిచి, ఆఫీసులో చేసినట్టే ఎక్సెల్ షీట్‌లో కంప్లైంట్ టికెట్ ఓపెన్ చేశాను. సమస్య: మాడు కంపు. తీవ్రత: ఒకటి, అంటే అత్యవసరం. ఎవరికి అప్పగించడమైనది: నాకు. స్టేటస్: పని జరుగుచున్నది.

ఒకసారి ఒక్క మార్పే చేసి ఫలితం చూడాలనేది మా వృత్తిలో మొదటి పాఠం. నేను కాయిల్ ఊడదీసి గిన్నెల సబ్బుతో కడిగాను, బ్యాటరీ తీసి పెట్టాను, ట్యాంకు ఇంకా బిగించాను, ఫ్లేవర్ మార్చాను, అన్నీ ఒకే దెబ్బకి. ఈసారి మామిడిపండు వాసనతో సబ్బు నురగ వచ్చింది. దాన్ని పారేసి రెండో కాయిల్ వేస్తే, మొదటి పీల్పుకే మళ్ళీ మాడింది. పెట్టెలో వచ్చినవి మూడే. మిగిలింది ఒక్కటి.

బ్యాంకుల సిస్టమ్‌లు నడిపానన్నాను కదా. ఇక్కడ ఒప్పుకోవాలి. నేను నడపలేదు. అవి ఆగిపోయినప్పుడు లిస్టులో పేరు వెతికి, బాగుచేసేవాడికి ఫోన్ చేసేవాణ్ణి. ముప్పై ఏళ్ళ నా టెక్నాలజీ అనుభవం ఫోన్ ఎత్తడమే. ఇప్పుడు షాపాయనకి ఫోన్ చెయ్యొచ్చు, కానీ "తెలుసు" అన్న నోటితో "తెలీదు" అనడానికి ప్రాణం ఒప్పలేదు. పోయి ఒక సిగరెట్ కాల్చుకుంటే గొడవే లేదనిపించింది. కారు తాళాలు రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. ఆ మరునాడే శనివారం. శనివారం శనివారం మా ఆవిడ కూరల డబ్బాలతో వచ్చి, ఇల్లంతా ఒకసారి వాసన చూసి వెళుతుంది. తాళాలు మళ్ళీ మేకుకి తగిలించాను.

ఆవిడ వస్తూనే డైనింగ్ టేబుల్ దగ్గర ఆగిపోయింది.

"ఏమిటీ రేడియో రిపేరు?"

వేప్ గురించీ, అది సిగరెట్ కాదన్న సంగతీ ఉపన్యాసమిచ్చాను. ఆవిడ నల్లగా మాడిన కాయిల్‌ని గోటితో గీకింది.

"ఇది దూదే కదూ?"

"విక్ అంటారు."

"వత్తి అంటారు. నూనె పోశాక ఎంతసేపు ఆగారు?"

"ఆగడం ఎందుకు?"

"అయ్యో రాత! రోజూ పొద్దున కాఫీ కప్పు పట్టుకుని నా ఎదురుగానే కూర్చుంటారు కదండీ. నేను ప్రమిదలో వత్తి వేసి, కొసకి నూనె అద్ది, నానాక కదా వెలిగిస్తాను? పొడి వత్తి అంటిస్తే దూది కాలక ఇంకేం కాలుతుంది?"

చివరి కాయిల్ తీసుకుని, దాని కన్నాల్లో కనిపిస్తున్న దూది మీద ఒక్కొక్క చుక్కా వేలితో అద్దింది. బిగించి, ట్యాంకు నింపి, దొండకాయ వేపుడు వేడయ్యేదాకా దాని జోలికి వెళ్ళొద్దంది. స్క్రీన్ మీద ఎనభై చూసి, "ఇది మంటేనా? తగ్గించండి, పెద్ద మంట మీద ఏదైనా మాడుతుంది," అంది. నలభై చేశాను.

వేపుడు తిన్నాక పీల్చాను. మెత్తగా, తియ్యగా, మామిడి తోట మొత్తం ఊపిరితిత్తుల్లోకి దిగింది. కుర్రాడిలా తల వెనక్కి వాల్చి ఇంత మబ్బుని వదిలాను. చూశావా అన్నట్టు ఆవిడ వైపే వదిలాను.

ఆవిడ దగ్గింది. దగ్గు ఆగలేదు. ఛాతీలోంచి ఈల మొదలయింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇన్‌హేలర్ తీసి రెండుసార్లు పీల్చి, కుర్చీ పట్టుకుని నిలబడింది. నేను తలుపులూ కిటికీలూ తెరుస్తూ పిచ్చివాడిలా తిరిగాను. ఊపిరి కుదుటపడ్డాక ఆవిడ ఫోన్ చేసింది. అప్పుడే కారులో వచ్చి పార్కింగ్‌లో ఆగిన అమ్మాయికి.

"సూట్‌కేస్ దింపకు. నేనే వస్తున్నా."

నెల నిండకపోయినా, నా ఫోన్ కబుర్లు నమ్మి, ఉండిపోదామనే వచ్చిందన్నమాట.

ఆ క్షణమే మోడ్‌ని చెత్తబుట్టలో పడేశానని మా వాకింగ్ బృందానికి చెప్పాను. పడెయ్యలేదు. వాళ్ళ కారు గేటు దాటేదాకా ఆగి ఇంకోసారి పీల్చాను. చాలా బాగుంది. అదే బాధ.

సోమవారం షాపుకి వెళ్ళి తక్కువ నికోటిన్ ఉన్న సీసా అడిగాను. మూడు వారాలకి ఇంకా తక్కువది. ఇంట్లో కాకుండా, ఎండలో కాంప్లెక్స్ గేటు బయట నిలబడి పీల్చేవాణ్ణి. చివరికి సున్నా నంబర్‌ది అడిగాను.

"అందులో ఏముండది సార్, ఉత్త ఆవిరి. మానేస్తున్నరా ఏంది?"

"మా ఆవిడ ఇంటికి రావాలయ్యా."

ఆ కౌంటర్ దగ్గర నేను కోతలు కోయకుండా చెప్పిన మొదటి మాట అదే. ఆయన సీసా నా చేతికివ్వకుండా వెనక్కి పెట్టేశాడు. "అయితే ఇది గూడ వద్దు, పోండి సార్," అన్నాడు.

వేప్ కూడా లేకుండా నెల గడిచాక ఆవిడకి ఫోన్ చేసి అంతా చెప్పాను, ఆ తొమ్మిది సిగరెట్లతో సహా.

"తొమ్మిదేనా? డజను అనుకున్నాను," అంది.

బుధవారం వచ్చింది. ట్రయల్ అని ముందే చెప్పింది. భోజనమయ్యాక పడకగదిలో నడుం వాల్చింది. నేను హాల్లో టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించి, కాసేపటికి లేచివెళ్ళి గుమ్మంలో నిలబడి చెవి పెట్టాను. ఈల లేదు. నమ్మకం కుదరక ఇంకో రెండడుగులు లోపలికి వేశాను.

"ఏమిటండీ, ఉన్నానా పోయానా అని చూస్తున్నారా?" అంది కళ్ళు మూసుకునే.

"అబ్బే, ఫ్యాన్ వేద్దామని."

ఆవిడ కళ్ళు తెరిచి, తిరుగుతున్న ఫ్యాన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, గోడ వైపు జరిగి, మంచం మీద నా సగం ఖాళీ చేసి పడుకుంది.